కార్తెల వెంట నడక

నడకా, నీకు దండం. బిడ్డ గోడ వదిలి తొలి అడుగులు వేసినప్పుడు మా ఇళ్లలో అరిసెలు వండి, వరసగా పరిచి, ఆ లేత పాదాలను వాటిమీద నడిపిస్తారు. తర్వాత వీధంతా అరిసెలు పంచుతారు. అంత వేడుకగా మా బతుకుల్లోకి వచ్చినదానివి నువ్వు. బడికి తీసుకెళ్లావు, పొలానికి తీసుకెళ్లావు, తిరునాళ్లకు తీసుకెళ్లావు. బండి తాళంచెవి చేతికొచ్చిన నాడు నిన్ను గుమ్మం దగ్గరే వదిలేశాం. నువ్వు అలగలేదు. డాక్టరు చీటీలో మందుల పేర్ల కింద నీ పేరు కనబడిన నాడు కూడా ఒక్క మాట అనకుండా లేచి మా వెంట వచ్చావు.

గుమ్మలక్ష్మీపురంలో నిన్ను స్తుతించడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు. కళ్లెత్తితే కొండ, చెవి ఒగ్గితే గెడ్డ పారే చప్పుడు. తూర్పు కనుమలు ఒడిశా వైపు మడతలు మడతలుగా సాగిపోతుంటాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేదాకా విజయనగరం జిల్లాలో ఉన్న మండలం ఇది. భద్రగిరి నుంచి, ఎల్విన్‌పేట నుంచి, దుడ్డుఖల్లు నుంచి తారురోడ్లు వస్తాయి. వాటికంటే ముందునుంచీ, వాటి పక్కనే, సవర గిరిజనుల గూడల నుంచీ జాతాపు గిరిజనుల ఊళ్ల నుంచీ దిగివచ్చే కాలితోవలు ఉన్నాయి. సంతనాడు ఆ తోవల్లో నిన్ను చూడాలి. చింతపండు గంప ఒకరి నెత్తిన, కొండచీపుళ్ల కట్ట మరొకరి నెత్తిన, పసుపు, అడ్డాకులు, పనసకాయలు. ఒకరి వెనక ఒకరు, ఒకే వరస. ముందు నడిచే మనిషి ఎక్కడ పాదం మోపిందో వెనక మనిషి పాదం అక్కడే పడుతుంది. నిటారు వాలు వస్తే ఎవరూ నేరుగా ఎక్కరు. అడ్డంగా కొంత దూరం, మళ్లీ ఇటుగా కొంత దూరం, చిన్న చిన్న అడుగులు. ఊపిరి ఎగబీల్చకుండా కొండెక్కే విద్య అది. ఎక్కేటప్పుడు పని గుండెది, ఊపిరితిత్తులది. దిగేటప్పుడు పని తొడలది, మోకాళ్లది. కొండ ఒకటే, కసరత్తులు రెండు.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. తల్లీ, దారి లేక నడిచే నడకను నేను కీర్తించను. నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో కూర్చోబెట్టి, వానలో, బురదలో, గెడ్డ దాటించి, అంబులెన్సు ఆగేచోటికి మోసుకొచ్చే భుజాలకు నా దండాలు. ఆ భుజాల మీద ఆ బరువు మాత్రం ఉండకూడదు. ఆ గూడలకు రోడ్లు పడాలి. ఆసుపత్రికి వెళ్లడానికి చక్రం కావాలి. నీరు మోయడానికి మైళ్లు నడవడం ఆరోగ్యం కాదు, అది లేమి. నేను పాడుకునేది మనిషి తన ఇష్టంతో, తన ఒంటి కోసం, తన మనసు కోసం రోజూ నడిచే నడకను. కొండ మనుషుల కాళ్లలో ఉన్న ఆ తెలివి, రోడ్డు వచ్చాక కూడా, రోడ్డు పక్కన ఉన్న మనందరికీ దక్కాలని నా కోరిక.

ఎందుకంటే రోడ్డుతోపాటు కూర్చోవడం కూడా వచ్చింది. సంతకు ఆటో, బడికి బస్సు, పక్కవీధికి బండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్కగట్టింది. ఆ లెక్క ముందు నువ్వు ఎంత చవకైన మందువో! అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను తమలోకి లాక్కుంటాయి. పిక్కలు బిగిసి వదులైనప్పుడల్లా కిందికి దిగిన రక్తం మళ్లీ గుండెవైపు ఎక్కుతుంది. ఒంటి బరువు మోస్తున్నంతకాలం ఎముకలు తమ పని మరిచిపోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ. మాట్లాడగలిగేంత ఊపిరి ఉండి, పాడలేనంత వేగంగా నడిస్తే అదే ఆ శ్రమ. ఇంకో మంచి మాట కూడా ఆ సంస్థ అప్పుడే చెప్పింది: ఒక్కసారికి కనీసం పది నిమిషాలుండాలన్న పాత నియమం తీసేసి, ఎంత కొద్దిసేపు నడిచినా లెక్కలోకి వస్తుందని. బడి గంటకూ గంటకూ మధ్య నడక, బస్సు కోసం ఎదురుచూస్తూ నడక, అన్నీ నీ ఖాతాలోనివే.

పదివేల అడుగులు పూర్తికాలేదని దిగులుపడేవాళ్లున్నారు. ఆ అంకె ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కపెట్టే పరికరం పేరులోంచి పుట్టింది. 2019లో అమెరికాలో వయసు మళ్లిన ఆడవాళ్లమీద జరిగిన పరిశోధనలో, రోజుకు సుమారు 4,400 అడుగులు నడిచేవాళ్లలో మరణాలు 2,700 అడుగులు నడిచేవాళ్లలోకంటే తక్కువగా కనబడ్డాయి. 7,500 దగ్గర ఆ లాభం దాదాపు నిలకడకు వచ్చింది. కొద్దిగా నడిచేవారికే కొద్దిగా పెంచితే ఎక్కువ లాభం. నువ్వు లేనివాడి పక్షానే ఉంటావు, నడకా.

ఇంత మంచిదానివి, మరి మా చేతుల్లోంచి ఎందుకు జారిపోతావు? ఎన్నో ఊళ్లలో చూశాను. సంక్రాంతి చలిలో కొత్త బూట్లతో మొదలైన నడక ఏప్రిల్ ఎండకు ఆగుతుంది. వేసవి సాయంత్రాల్లో మొదలైనది ఆషాఢం జల్లులకు ఆగుతుంది. వానలు వెలిశాక మొదలైనది పుష్యం మంచులో దుప్పటి కిందికి పోతుంది. మనిషి ఆగింది బద్ధకంతో అనుకుంటాడు, తనను తాను తిట్టుకుంటాడు. నిజానికి అతను నిన్ను గడియారానికి కట్టాడు. ఉదయం అయిదున్నర, ఫలానా రోడ్డు, ఫలానా దూరం. కాలం మారగానే ఆ ముడి తెగింది.

లండన్‌లో జరిగి, 2010లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. 96 మంది రోజూ ఒక కొత్త పని చేస్తూ, అది ఎప్పటికి తనంత తానుగా జరిగిపోతుందో రాసుకున్నారు. నడిమి లెక్క 66 రోజులు. కొందరికి 18 రోజుల్లోనే పట్టుబడింది, కొందరికి 254 రోజులు పడుతుందని తేలింది. మన రైతు లెక్కలో చూడండి: ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పధ్నాలుగు రోజులు. 66 రోజులంటే దాదాపు అయిదు కార్తెలు. రోహిణిలో మొదలుపెట్టినవాడు మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి దాటాలి. ఎండలో మొదలై ముసురులో కుదురుకోవాలి. ఏ నెలలో మొదలుపెట్టినా అలవాటు వేళ్లూనేలోపు కాలం ఒకసారైనా వేషం మార్చడం ఖాయం. అందుకే కాలం మారడం ఆటంకంగా కాకుండా మొదటిరోజు నుంచే లెక్కలో ఉండాలి. ఇంకొక ఊరట కూడా ఆ పరిశోధనలో ఉంది: మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు.

కొండ రైతుకు ఈ సంగతి ఎప్పుడో ఎరుక. ఏ కార్తెలో చోడి (రాగి) నారు పోయాలో, ఎప్పుడు సామలు కోయాలో, ఎప్పుడు ఏ గట్టు మీదుగా వెళ్లాలో, ఎప్పుడు చుట్టు తిరిగి రావాలో కాలమే చెబుతుంది. వేళ మారుతుంది, తోవ మారుతుంది, దూరం మారుతుంది. పోవడం మాత్రం మానరు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో నువ్వు తెల్లవారుజాము దానివి. జూన్ మొదట్లో ఇక్కడ అయిదూ ఇరవైకల్లా పొద్దు పొడుస్తుంది. కొండ వెనకనుంచి ఎండ ఊళ్లోకి దిగేలోపు తోవలన్నీ నీవే. ఆరున్నరకల్లా ఇంటికి చేరిపోవాలి. పన్నెండునుంచి నాలుగుదాకా బయట నీకు పనిలేదు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఎండలు ముదిరిన మొదటి రోజుల్లో సగం దూరమే నడవాలి. వెళ్లేముందు నీళ్లు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ. మా వైపు చోడి అంబలి ఉంది, దాన్ని మించిన వేసవి పానీయం నేనెరగను. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అక్కడే నీడలో ఆగిపోవాలి. పంతం పట్టకూడదు. మన్యంలో సికిల్ సెల్ రక్తహీనత ఉన్న కుటుంబాలున్నాయి. దాని నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ జబ్బున్నవారికి నీళ్లు తగ్గినా, ఎండ ముదిరినా, చలి కొరికినా నొప్పులు తిరగబెడతాయి. వారు డాక్టరును అడిగి, మెల్లగా, దగ్గర నీళ్లు పెట్టుకుని నడవాలి. ఎండాకాలపు తోవలో పండిన పనస వాసన, రాలిన మామిడి పిందె పాదానికి తగలడం, ఇవి నువ్విచ్చే కూలి.

ఇక వాన. అమ్మా నడకా, నీ అసలు పరీక్ష ఇక్కడే, నీ అసలు అందమూ ఇక్కడే.

మృగశిరలో తొలి చినుకు పడుతుంది. నేల వాసన లేస్తుంది. ఆరుద్ర వచ్చేసరికి గట్ల మీద ఎర్రటి మఖమలు ఆరుద్ర పురుగులు తిరుగుతుంటాయి. వాటిని చూడటానికి నడిచేవాడు మాత్రమే నోచుకుంటాడు, బండి మీద పోయేవాడికి అవి కనబడవు. కొండల మీదికి మబ్బు దిగి చెట్ల కొమ్మల్లో చిక్కుకుంటుంది. మెట్లుమెట్లుగా చెక్కిన సవరల మడులు ఒకదాని నీరు ఒకదాంట్లోకి వంచుకుంటాయి. నిన్నటి ఎండుగెడ్డ ఈ పొద్దుకు గొంతు విప్పుతుంది. ఈ తోవలో ఎదురొచ్చే ముసలమ్మ తలమీద అడ్డాకుల గొడుగుతో ఆగి, "బాబూ, ఎటెల్తన్నారు?" అని అడుగుతుంది. "ఊరికే, నడవడానికమ్మా" అంటే ఒక క్షణం నమ్మదు. తర్వాత నవ్వి, "జారతాది, పక్కనుంచి పొండి" అని తోవ చూపిస్తుంది. ఆ మాటను పాదాల్లో దాచుకోవాలి. పచ్చగా నాచు పట్టిన రాయిమీద కాకుండా గరుకుగా ఉన్న మన్నుమీద అడుగెయ్యాలి. నడకకర్ర ఈ కాలంలో ముసలితనానికి గుర్తు కాదు, బుద్ధికి గుర్తు.

వానకాలం నీ భక్తులకు జాగ్రత్తలు ఎక్కువ, వాటిని చెప్పకుండా నిన్ను పొగిడితే అది ద్రోహం. ఊళ్లో చినుకు లేకపోయినా పైన కొండమీద కురిస్తే గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది. పారే నీటిలో మోకాలు మునిగే లోతు చాలు, మనిషిని పడేస్తుంది. అటు గట్టున ఎంత పని ఉన్నా ఆగిపోవాలి. ఉరుము వినబడిందంటే పిడుగుకు మనం అందుబాటులో ఉన్నట్టే. చెట్టు కిందికి పరుగెత్తకూడదు, పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చీకటిలో టార్చిలైటు లేకుండా గడ్డిలో కాలు పెట్టకూడదు, కట్లపాము, రక్తపింజరి తిరిగే కాలం ఇది. తడిసిన కాళ్లు వేళ్ల సందుల్లో పాస్తాయి. ఇంటికి రాగానే కడిగి, పొడిగుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి. చక్కెర జబ్బున్నవారు ప్రతిరాత్రీ దీపం దగ్గర అరికాళ్లు చూసుకోవాలి, ముల్లు గుచ్చుకున్నా వారి పాదాలకు తెలియకపోవచ్చు. మునిమాపు నడకకు పొడుగు చేతుల చొక్కా ఉండాలి, మన్యంలో దోమ ఇంకా జ్వరం మోస్తూనే ఉంది.

ఆ జ్వరం పేరెత్తగానే ఒక మనిషి గుర్తొస్తారు. గిడుగు వెంకట రామమూర్తి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరి, ఈ కొండవరసల్లోని సవరల మాట చెవిన పడగానే దానికి కట్టుబడిపోయారు. అడవి దారుల్లో సవర గూడలకు వెళ్లి వారి భాష నేర్చుకున్నారు, వారి పిల్లలకు వారి మాటలోనే బడి పెట్టారు. మన్యపు జ్వరానికి క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా వదల్లేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ తేదీ నట్టనడి వానల్లో వస్తుంది. వేదికల మీద ఉపన్యాసాలు మంచివే. ఆ రోజు ఒక సవర గూడదాకా నడిచి వెళ్లి, నాలుగు మాటలు విని రావడం ఆయనకు ఇంకా ఇష్టమైన నివాళి అవుతుందని నా నమ్మకం. నడకా, భాషలను కూడా నువ్వే కలిపావు.

కొన్ని రోజులు తోవ మాది కాదు. 2018లో ఒడిశా వైపునుంచి వచ్చిన ఏనుగుల గుంపు కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస మండలాల్లో తిరుగుతూ వచ్చింది. పంటలు పోయాయి, ప్రాణాలూ పోయాయి. అటవీ శాఖవాళ్లు ఏనుగులు దగ్గర్లో ఉన్నాయని చెప్పిన తెల్లవారుజామున పొలం గట్లు వాటివే. అదే 2018లో, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో నువ్వు వసారాలోకి వస్తావు. ఈ గోడనుంచి ఆ గోడకు, అక్కణ్ణుంచి ఇక్కడికి. బయట హోరుగాలి, లోపల అడుగుల చప్పుడు. పిల్లలు నవ్వుతూ వెనక చేరతారు. పాఠశాల వరండాలో, కళ్యాణ మంటపంలో, చర్చి ముంగిట, ఎక్కడ పైకప్పుంటే అక్కడ. ఆరుసార్లు అయిదేసి నిమిషాలు నడిచినా ముప్పయ్యే. ఆ వసారా నడకను తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. అలవాటు తీగ తెగకుండా పట్టుకున్నది అదే.

హస్త, చిత్త, స్వాతి. ఆకాశం కడిగినట్టవుతుంది. గెడ్డల ఒడ్డున రెల్లు తెల్లగా పూస్తుంది, సంతలో సీతాఫలాల గంపలు దిగుతాయి. ఈ కార్తెల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు, కాళ్లే లేచిపోతాయి. దూరం పెంచుకోవలసిన కాలం ఇదే, వానల్లో బాకీపడ్డ కొండ ఎక్కవలసిన కాలమూ ఇదే.

మార్గశిరం, పుష్యం. మంచు పట్టి పదడుగుల అవతలి మనిషి కనబడడు. జనవరిలో ఆరున్నరకు గానీ పొద్దు పొడవదు, కొండ నీడ తొలిగి ఎండ వాకిట పడేసరికి ఇంకా ఆలస్యం. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి, బీపీ ఉన్నవారికి అయిదింటి నడక ఈ కాలంలో ఘనకార్యం కాదు. ఎండ వచ్చాకే బయల్దేరాలి. తలకు మఫ్లరు, చెవులకు ఉన్ని, మొదటి అయిదు నిమిషాలు నెమ్మదిగా. మంచులో రోడ్డు మీద నడిచేవారు లేత రంగు బట్టలు వేసుకుని, ఎదురొచ్చే బండ్లు కనబడే కుడిపక్కన నడవాలి. కొండవాలులో కందిచేలు పసుపు పూత దులుపుకుని కాయకు వస్తాయి. కందికొత్తల పండగ చేసి దేవతకు పెట్టేదాకా కొత్త కందులు నోట పెట్టని ఊళ్లివి. ఆ పండగ డప్పు వినబడే ఊరిదాకా నడవడం చలికాలపు పుణ్యం. ఎండ వీపుమీద పడుతుంటే, ముందు మన నీడే దారి చూపుతుంది.

ఆ తర్వాత జీడిమామిడి పూత. వాసన పట్టుకుని కళ్లు మూసుకుని పోవచ్చు. మోదుగ చెట్టు ఆకులన్నీ వదిలేసి ఎర్రటి పూలతో నిలబడుతుంది. చింతకాయ దులిపే గడకర్రల చప్పుడు. వేకువనే ఇప్పపూలు ఏరుకునే పిల్లలు, ఆడవాళ్లు, వంగి లేచి, వంగి లేచి. వసంతం ఎంతో కాలం ఉండదు, నాలుగు కార్తెలు గడిచేసరికి మళ్లీ తారు మెత్తబడుతుంది. అప్పుడు మళ్లీ నువ్వు తెల్లవారుజాముకు జరుగుతావు.

ఇట్లా జరుగుతూ జరుగుతూనే నువ్వు నిలకడగా ఉంటావు, తల్లీ. వేళ వదులుకున్నావు, తోవ వదులుకున్నావు, వేగం వదులుకున్నావు, మనిషిని వదల్లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడితో పరుగుకు దగ్గరగా నడుస్తావు. మోకాలు అరిగిన పెద్దావిడతో గడపనుంచి వేపచెట్టుదాకా నడిచి, కాసేపు అరుగుమీద కూర్చుని, తిరిగొస్తావు. కాన్పు అయిన తల్లితో, గుండె ఆపరేషన్ అయిన తండ్రితో, భర్త పోయాక ఇంట్లోంచి బయటికి రావడానికి భయపడిన అత్తతో, ఎవరి అడుగుకు తగ్గ అడుగు వేసింది నువ్వే. ఇద్దరు కలిసి నడిస్తే ముఖాలు చూసుకోనక్కర్లేదు, అందుకే చెప్పలేని మాటలు కూడా నీ పక్కన నోరు తెరుచుకుంటాయి.

నీ తరఫున ఊరి పెద్దలకు ఒక విన్నపం. మన్యంలో కొత్తగా పడుతున్న ప్రతి రోడ్డుకూ ఒక పక్కన నడిచేవారికి గట్టి మట్టి అంచు వదలండి. విస్తరణకు కొట్టేసిన చింతలు, మర్రులు, నేరేళ్ల బదులు మళ్లీ నాటించండి. రోహిణి ఎండలో అవే నడిచేవాడికి గొడుగు. గెడ్డల మీద కాలినడక వంతెనలు పాతబడితే వానలకు ముందే బాగుచేయించండి. సాయంత్రం ఆడవాళ్లు భయం లేకుండా నడవగలిగేలా ఊరి చివరిదాకా ఒక్కో దీపం పెట్టండి. బడి మైదానం గేటు పొద్దున్న ఒక గంట ఊరికోసం తెరిచి ఉంచండి.

చదువుతున్న మీకు ఒక మాట. ఏ కార్తెలో ఉన్నారో క్యాలెండరులో చూసుకోండి. ఆ కార్తెకు తగిన వేళ ఒకటి, తోవ ఒకటి, వాన కురిస్తే నడవడానికి పైకప్పున్న చోటు ఒకటి ఇవాళే అనుకోండి. ఇంట్లో ఒకరిని తోడు పిలవండి. మొదటి వారం పది నిమిషాలు చాలు.